ఫ్రీ త్రోకి కూర్చోని అర్విల్లా

డాయల్ క్రెబ్స్ కూర్చున్నాడు. గొడవకు అదే మొదలు.

మా బ్రష్‌క్రీక్ కాలేజీ బాస్కెట్‌బాల్ హాల్లో ఒక పద్ధతి ఉంది. ఆట మొదలవగానే అందరం లేచి చప్పట్లు కొడతాం. మనవాళ్లు మొదటి బంతి బుట్టలో వేసేదాకా ఎవరూ కూర్చోరు. మధ్య విరామం అయ్యాక మళ్లీ అంతే. ఈ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తీసెయ్యడానికి ఎవరికీ గుండె చాలదు.

ఆ రోజు ఎదుటి జట్టువాడొకడు మా కుర్రాణ్ణి మోచేత్తో పొడిచాడు. అలాంటి తప్పు జరిగితే మనవాణ్ణి గీత దగ్గర నిలబెట్టి, ఎవరూ అడ్డుపడకుండా బంతి వేసుకోనిస్తారు. ఫ్రీ త్రో అంటే అదే. మా కుర్రాడు వేశాడు, స్కోరు బోర్డు మీద ఒకటి పడింది, డాయల్ హమ్మయ్య అనుకుంటూ కూలబడ్డాడు. అతని పక్క సీటు అర్విల్లా స్టౌట్‌ది.

డాయల్‌తో మా ఊళ్లో ఎవరూ వాదించరు. శవపేటికల వ్యాపారం అతనిది. ఎప్పటికైనా అతని చేతుల్లోంచే పోవాలి కదా, ఎందుకొచ్చిన తగువని ఊరుకుంటారు. అర్విల్లా ఊరుకోలేదు. ఎవరూ అడ్డం లేనప్పుడు వేసింది బుట్ట కాదు, లేవమంది. డాయల్ తాపీగా బోర్డు చూపించాడు. ఒకటి పడింది, ఒకటి పడితే పడినట్టేనన్నాడు.

అప్పుడు అర్విల్లా, పై వరుసలక్కూడా వినిపించేలా అన్నది: "ఏరా డాయల్, మీ ఆవిడ చర్చి విందుకి పెర్సిమన్ పళ్ల పుడ్డింగ్ తెచ్చిందే, బల్ల మీద పెడితే అదీ పుడ్డింగ్‌లాగే ఉంది. బేకరీ అట్టపెట్టె మీ చెత్తడబ్బా పక్కన చూసిందాన్ని నేను. దాన్ని వండింది అనమంటావా?"

అందరికంటే ముందు లేచింది డాయల్ భార్యే. లేచి హాలు బయటికి నడిచింది. ఆ తర్వాత డాయల్ లేచాడు. అతని వెనక వరుస, దాని వెనక వరుస, కూర్చోబోతున్నవాళ్లు కూడా సగంలో ఆగి నిటారుగా అయ్యారు. ఆ చలికాలం నుంచి మా ఊళ్లో ఫ్రీ త్రోకి ఎవరూ కూర్చోరు.

నాలుగో వరుస చివర, చెయ్యి చాపితే అందేంత దూరంలో నా పాప్‌కార్న్ బల్ల ఉంటుంది. కాబట్టి నేను చెప్పేది విన్నది కాదు, చూసింది. చదివింది ఆరో తరగతే అయినా చూసింది మాత్రం మరిచిపోను.

అర్విల్లాకి ఆ పట్టుదల పుట్టింటి నుంచి వచ్చింది. ఏటి ఒడ్డున పొలం, ముగ్గురు అన్నలు, గాదె గోడకి మేకులు కొట్టి బిగించిన ఇనప చక్రం. మా కాలంలో ఆడపిల్లలకి జట్టు లేదు. మగపిల్లలు ఆడుతుంటే నీళ్ల బకెట్టు మొయ్యనిచ్చేవాళ్లు, అదే గొప్ప. అర్విల్లా ఇంట్లో అన్నలతో ఆడింది. వాళ్లు పెట్టిన షరతు ఒకటే, ముగ్గురిలో ఒకడైనా ఎదురుగా చేతులు చాపి నిలబడి ఉన్నప్పుడు వేస్తేనే చెల్లెలి బుట్ట లెక్కలోకి వస్తుంది. వాళ్లు గాదె నీడలో పడుకున్నాక ఎన్ని వేసినా దండగే. అలా పెరిగిన మనిషికి ఫ్రీ త్రో చూపించి కూర్చోమంటే కూర్చుంటుందా?

పెళ్లయ్యాక బడి బస్సు నడిపింది. ఒకసారి వంతెన మీద బస్సు ఆపేసి కదలనంది. వెనక ఇద్దరు అన్నదమ్ములు లేచి కొట్టుకుంటున్నారు. వాళ్లు కూర్చునేదాకా బస్సు కదల్లేదు, బస్సు వచ్చేదాకా బడి మొదలవలేదు. పెద్ద మాస్టారు కారణం అడిగితే, నిలబడ్డవాళ్లని పెట్టుకుని బండి నడపను అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయింది. పగలంతా పిల్లల్ని కూర్చోమని అరవడం, సాయంత్రం ముసలాళ్లని నిలబడమని అరవడం, ఆమె బతుకంతా ఈ రెండు పనులతోనే గడిచింది.

మొగుడు డెల్మర్ పోయాక కూడా అతని సీటు వదులుకోలేదు. ఊళ్లోవాళ్లు ఎంత ప్రేమో అనుకున్నారు. నేను అడిగితే, సంచీ పెట్టుకోవడానికి చోటుండాలి కదా అన్నది.

ఇక మా జట్టు సంగతి. కొన్నేళ్లుగా మావాళ్లు గెలవడం మానేశారు. అది మాకు అలవాటే. పోయినేడు మాత్రం మొదటి బంతి పడడమే కష్టమైంది. బంతి చక్రానికి తగులుతుంది, చెక్కకి తగులుతుంది, ఒకసారి నా పాప్‌కార్న్ మిషనుకీ తగిలింది, బుట్టలో మాత్రం పడదు. మేం చప్పట్లు కొట్టీ కొట్టీ అరచేతులు వాచి నిలబడి ఉంటాం. అలాంటి ఒక సాయంత్రమే అర్విల్లా ఎడమ మోకాలు చెప్పాపెట్టకుండా మడుచుకుపోయింది. ఆమె వెళ్లి డాయల్ చేతుల్లో పడింది. ముందే వచ్చేసింది, ఇంకా పెట్టె తయారుకాలేదు అని ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు.

ఆమె కూతురు రొక్సాన్ నవ్వలేదు. ఆస్పత్రిలో నర్సు, తల్లి పోలికే, అంటే చెప్పిన మాట తిప్పదు. తలుపు పక్కన చక్రాల కుర్చీల వాళ్లకని ఒక చిన్న అరుగుంది. ఇంకొక్కసారి పడినా, పడబోయి ఎవర్నైనా ఏదైనా పట్టుకున్నా, ఇక అమ్మ చోటు ఆ అరుగు మీదేనంది. ఒప్పుకోకపోతే ఆటకి తీసుకురానంది. చూపు తగ్గి అర్విల్లా లైసెన్సు పోయి రెండు చలికాలాలైంది, మంచులో కూతురి కారు తప్ప గతి లేదు. ఒప్పుకుంది. అరుగు మీదివాళ్లని ఎవరూ లెమ్మనరు. ఆమెకి గిట్టనిది సరిగ్గా అదే. ఈ ఒప్పందం వాళ్లిద్దరికీ తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియనివ్వలేదు.

ఈ పరిస్థితిలో వచ్చాడు టేవియస్ ప్రూయిట్.

ఎండాకాలం చివర, శనివారం ఫలహారాల హోటల్లో ఇనపసామాన్ల కొట్టు లేవన్ మీక్స్ ఫోన్లో చూసి వార్త చదివాడు. కొత్త గార్డు వస్తున్నాడు, బంతి తెచ్చి మిగతా నలుగురికీ పంచే పని అతనిది. జార్జియావాడు, ఇరవై నాలుగేళ్లు, ఇప్పటికి నాలుగు కాలేజీలు మారాడు, మనది ఐదోది. వయసు విని ఒకరు ముక్కున వేలేసుకున్నారు, కాలేజీ ఆటలో అది తాతల వయసు. ఐదో అత్తారిల్లా, ఇక్కడైనా కాపురం చేస్తాడా అని లేవన్ వెటకారం.

"నాలుగిళ్లు మారినదాన్ని ఎందుకు మారావని అడగకూడదు. వంటొచ్చా అని అడగాలి," అన్నది అర్విల్లా, గుడ్డు మీద మిరియాలు చల్లుకుంటూ.

డాయల్ ఫోను లాక్కుని వీడియో చూశాడు. అతనికి మనుషుల్ని చూపుతోనే కొలిచే అలవాటు, వృత్తి అలాంటిది. కుడి మోకాలికి పట్టీ ఉంది, భుజాలు వాలిపోయాయి, నేను సాగనంపినవాళ్లలో ఇంతకంటే చురుకైనవాళ్లున్నారని తేల్చేశాడు. నన్ను కూడా ఇన్నేళ్లుగా కొలుస్తున్నావు, ఇంకా సైజు కుదరలేదు కదా అని అర్విల్లా అతని నోరు మూయించింది. ఆ తర్వాత లేవన్‌ని ఒకే ప్రశ్న అడిగింది. ఆట మొదలయ్యాక ఎంతసేపటికి మొదటి బంతి వేస్తాడు?

అలాంటి లెక్క ఫోన్లో లేదు. ఎన్ని గెలిపిస్తాడని అడగాలి గానీ ఇదేం ప్రశ్న అని అందరూ నవ్వారు. నేను కాఫీలోకి చూస్తూ కూర్చున్నాను.

ఆట కాలం మొదలవబోయే ముందు జట్టుకి ఊరు విందు పెడుతుంది, హాలు కింద గదిలో. మాంసమూ చిక్కుడు గింజలూ ఉడికించిన చిల్లీ, వేరుశనగ వెన్న పూసిన బ్రెడ్డు. అర్విల్లా గరిటె చేతపట్టుకుని కొత్తవాడి గిన్నెలో రెండింతలు పోసి, ఎదురుగా కూర్చుని, హోటల్లో అడిగిందే అడిగింది.

కుర్రాడు మర్యాదస్థుడు. చెంచా కింద పెట్టి మరీ జవాబిచ్చాడు. "నేను ముందుగా వెయ్యనమ్మా. ముందు మిగతావాళ్లందరి చేతులకీ బంతి తగలాలి, వాళ్లకి ధైర్యం రావాలి. సగం ఆటదాకా నేను తొందరపడను."

వయసుతో వచ్చిన తెలివి అని అతను అనుకుంటున్నట్టు మొహంలోనే కనిపించింది. అర్విల్లా మొహంలో నాకు చక్రాల కుర్చీల అరుగు కనిపించింది. ఇలా నిలబడతాం, నువ్వు వేసేదాకా కూర్చోం అని ఆ ఒక్క మాట చెప్పొచ్చు కదా. చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు కూడా, ఆమెకీ, నాకూ, కోచ్‌కీ, ఎవరికీ. ఈ పద్ధతి తెలియని మనిషి లోకంలో ఉంటాడని మా ఊరి బుర్రకి ఎక్కదు.

మొదటి ఆట రోజు వచ్చింది. రొక్సాన్ ఎప్పట్లాగే అవతలి వైపు, తల్లికి సూటిగా ఎదురుగా కూర్చుంది. ఆట చూడ్డానికి కాదు. బంతి పైకెగిరింది, మేం లేచాం, చప్పట్లు మొదలయ్యాయి.

ప్రూయిట్ బంతి తీసుకుని రెండడుగులు వేసి తలెత్తాడు. హాలంతా నిలబడి ఉంది. వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరికైనా కొడుతున్నారేమోనని. ఎవరూ లేరు. చప్పట్లు ఆగలేదు. అతను అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. అప్పుడు నాకు వెలిగింది. నాలుగు కాలేజీలు తిరిగి వచ్చినవాడు, ఈ ఊరు తన కోసం లేచిందనుకున్నాడు.

అలా అనుకున్నవాడు ఏం చేస్తాడు? ఇంకా మర్యాదగా ఆడాడు. బంతి ఈ కుర్రాడికిచ్చాడు, వాడు చక్రానికి కొట్టాడు. ఆ కుర్రాడికిచ్చాడు, వాడు చెక్కకి కొట్టాడు. అర్విల్లా మోకాలు వణకడం నా బల్ల దగ్గర్నుంచే కనిపిస్తోంది, గౌను అంచు ఊగుతోంది. ఆట కాసేపు ఆగినప్పుడు ప్రూయిట్ మా వైపు తిరిగి రెండు చేతులూ కిందికి ఊపాడు, చాలు, కూర్చోండి అన్నట్టు. అర్విల్లా తన మోకాలు చూసి జాలిపడ్డాడనుకుంది. ఆమె మీద జాలిపడ్డవాళ్లెవరూ బాగుపడలేదు.

"నన్ను కూర్చోమనడానికి నువ్వెవడివిరా, ముందు బంతి వెయ్యి," అన్నది, సరిగ్గా చప్పట్ల మధ్య సందులో.

అతనికి వినిపించింది. ఎందుకో అర్థం కాకపోయినా పెద్దావిడ చెప్పింది కదా అని, ఆట మళ్లీ సాగగానే దూరం నుంచి ఎత్తి వేశాడు. బంతి వలలోంచి జారింది. ప్రూయిట్ చేతులు చాపి మా వైపు తిరిగాడు, హోరు వింటానని.

మేం కూర్చున్నాం. ఊరు ఊరంతా ఒక్కసారిగా, బల్లలు కిర్రుమనేలా. కొందరు పాప్‌కార్న్ కోసం నా వైపు తిరిగారు కూడా. ఆ కుర్రాడి మొహం చూడలేక నేను ఉప్పు డబ్బా వెతుక్కున్నాను.

విరామం తర్వాత మళ్లీ లేచాం. అతను ఈసారి అనుమానంగా చూశాడు. క్షమించారేమో అనుకున్నాడు, అయితే బంతి వేస్తే మళ్లీ కోపమొస్తుందనీ అనుకున్నాడు. అందుకని బంతి తన చేతికొస్తే పెనం మీద చెయ్యి పడ్డట్టు పక్కవాడికి విసిరేస్తున్నాడు. నిమిషాలు పోతున్నాయి. అర్విల్లా రెండు చేతులూ చప్పట్లలోనే ఉంచింది, దేన్నీ పట్టుకోకుండా. అవతల రొక్సాన్ మెట్లు దిగడం మొదలుపెట్టింది.

అంతలో ఎదుటివాడొకడు ప్రూయిట్‌ని తోశాడు. రెండు ఫ్రీ త్రోలు. రెండూ వేశాడు. బోర్డు మీద రెండు పడ్డాయి.

నాలుగో వరుస అంతా అర్విల్లా వైపు తిరిగింది. డాయల్ ఆమె మోకాలు చూశాడు, అవతల్నుంచి వస్తున్న రొక్సాన్‌ని చూశాడు. శవాలతో పని చేసినవాడికి బతికున్నవాళ్ల సంగతి కూడా కొంత తెలుస్తుంది. గొంతు తగ్గించి అన్నాడు: "అర్విల్లా, ఈ ఒక్కసారికి అది కూడా బుట్టే అనుకుందాం. ముందు నేను కూర్చుంటాను. తప్పు నా మీదే వేసుకుంటాను."

"కూర్చో. కూర్చుని మీ ఆవిడకి ఆ బేకరీ పేరేమిటో నన్నడగమను, చెబుతాను."

డాయల్ కూర్చోలేదు.

బంతి గీత దాటి మా వరుస ముందుకే దొర్లింది. దాన్ని మళ్లీ లోపలికి అందించడానికి ప్రూయిట్ వచ్చాడు. నాకు వాళ్లిద్దరూ కనిపిస్తున్నారు, ఒకరికి మోకాలి పట్టీ, ఒకరికి అది కూడా లేదు. అర్విల్లా చప్పట్లు ఆపకుండానే వంగి మాట్లాడింది. "అబ్బాయ్, మేం నిలబడింది నీ కోసం కాదు. నీ మీద అలిగీ కూర్చోలేదు. మీలో ఎవడో ఒకడు బుట్టలో వేసేదాకా ఈ ఊళ్లో ఎవరూ కూర్చోరు. ఫ్రీ త్రోలు లెక్క కాదు. నాకు ఎనభై దాటాయి. ఇక నీ ఇష్టం."

అతను బంతి చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత నవ్వాడు. పక్క పన్ను బంగారుది, అప్పటిదాకా మాకు తెలియదు. బంతి లోపలికి ఇచ్చి, తిరిగి తీసుకుని, ముందూ వెనకా చూడకుండా వేశాడు. చక్రానికి తగిలి బయట పడింది. రొక్సాన్ అప్పటికి మా వైపు మొదటి మెట్టు ఎక్కింది. ప్రూయిట్ ఇద్దరి మధ్య దూరి, తన బంతి తనే లాక్కుని, కింద పడుతూ పైకి విసిరాడు. అంత వికారమైన బంతి నేను నా జన్మలో చూడలేదు. చెక్కకి కొట్టుకుని, చక్రం చుట్టూ తిరిగి, ఆలోచించుకుని లోపల పడింది.

అందరూ కూర్చున్నారు. అర్విల్లా అందరికంటే ఆఖర్న, గౌను సవరించుకుని, కూతురు దగ్గరికొచ్చేదాకా ఆగి, అప్పుడు కూర్చుంది. ఏమిటే ఇలా వచ్చావు, పాప్‌కార్న్ కోసమా అని అడిగింది. రొక్సాన్ నా దగ్గర ఒక పొట్లం కొనుక్కుని వెనక్కి వెళ్లింది.

ఆట ఓడిపోయాం. అది వేరే సంగతి.

శనివారం హోటల్లో మళ్లీ తీర్పులు. లేవన్ మనసు కొద్దిగా మెత్తబడింది. డాయల్ మాత్రం ఆ మోకాలు చలికాలం దాటదన్నాడు. ఎవరి మోకాలో చెప్పలేదు. అర్విల్లా అతన్ని తిట్టలేదు, తన బ్రెడ్డుముక్క సగం విరిచి అతని పళ్లెంలో పెట్టింది. డాయల్ దాన్ని తినాలా వద్దా అన్నట్టు చాలాసేపు చూశాడు.

ఆదివారం అర్విల్లా ప్రూయిట్‌ని భోజనానికి పిలిచి, పెర్సిమన్ పుడ్డింగ్ చేసి పెట్టింది. నన్నూ రమ్మంది. కుర్రాడు రెండోసారి వడ్డించుకుంటూ తనంతట తనే చెప్పాడు. నాలుగు చోట్ల ఆడాను, ఎక్కడా నా కోసం ఎవరూ లేవలేదు, ఇక్కడ మీరు లేచినప్పుడు మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాలనుకున్నానమ్మా అన్నాడు. నవ్వుతూనే చెప్పాడు. నేను అర్విల్లా వైపు చూశాను, ఒక మంచి మాట అంటుందేమోనని. కోడినో కుక్కనో లేపినట్టు మనుషుల్ని లేపడం కుదరదు, లేచేలా ఆడాలి అన్నది. తర్వాతి ఆటలో మొదటి బంతి త్వరగా పడాలనీ, మర్యాదలన్నీ ఆ తర్వాత చూసుకోమనీ చెప్పి పంపించింది. అతను సరేనమ్మా అని, మిగిలిన పుడ్డింగ్ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

గిన్నెలు నేను కడుగుతున్నాను, ఆమె కుర్చీలో కూర్చుని ఎడమ కాలు స్టూలు మీద పెట్టుకుని వాటిని తుడుస్తోంది. ఒకటే పళ్లెం తుడుస్తూ ఉంది.

"నియోమా, ఆట మొదలవకముందు మైకులో వాళ్ల పేర్లు పిలుస్తారు కదా. అప్పుడెవరూ లేవరు, అందరూ నీ దగ్గర పాప్‌కార్న్ కొనుక్కుంటూ ఉంటారు. వాడి పేరు పిలిచినప్పుడు నువ్వు బల్ల ముందుకొచ్చి చప్పట్లు కొట్టు. నువ్వెలాగూ నిలబడే ఉంటావు గనక, వాడికి తెలిసేలా నీ బల్ల పక్కనుండే ఎత్తు పెట్టె మీదెక్కి నిలబడు. నేనైతే లేవను, నాకున్న నిలబడే ఓపికంతా మొదటి బుట్ట దాకా దాచుకోవాలి. నా వంతు కూడా నువ్వే కొట్టు. నేను చెప్పానని వాడితో అన్నావంటే ఊరుకోను. ఇంకో మాట, నవ్వకు. నువ్వు నవ్వితే ఏదో అమ్ముతున్నట్టుంటుంది."